అమ్మ ఎదురొచ్చిన ప్రయాణాలు

పొద్దున్నే నడిచేవాళ్ళకి నడక ఒక వంక మాత్రమే. నడిచాక కూర్చుని మాట్లాడుకునే కాసేపటి కోసమే అందరూ వస్తారని నా అనుమానం. జూబ్లీహిల్స్‌లో నేషనల్ పార్కు గేటు బయట, రాగిజావ అమ్మే బండి దగ్గర మా బృందం చేరుతుంది. అందరం ఉద్యోగాల్లోంచి రిటైరైనవాళ్ళమే. మూర్తిగారు బ్యాంకులో పెద్ద హోదాలో పనిచేసి వచ్చారు. ఆ పెత్తనం ఇప్పుడు మా మీద చేస్తారు, మేమూ చేయించుకుంటాం. ఈ చదును బాటల మీద తిరిగి తిరిగి విసుగొచ్చింది, ఈసారి అసలైన కొండల్లో నడుద్దాం, కేరళలో మున్నారు పోదాం అని ఆయన తీర్మానించారు. అక్కడా పైన ఒక నేషనల్ పార్కు, చుట్టూ కొండలు. పొద్దున బయల్దేరి ఒక కొండ ఎక్కి, పొద్దుగుంకేలోపు దిగి బసకి చేరడం, మర్నాడు ఇంకో కొండ. ఏ రోజు ఎటు నడవాలో, ఏం తినాలో, ఎవరు ఎక్కగలరో, ఎవరు కింద కూర్చోవాలో చూసే పని నాకు అప్పగించారు. "మీ నాన్నగారు సినిమా మేనేజరు కదండీ, ఈ ప్లానింగులన్నీ మీ రక్తంలోనే ఉంటాయి" అన్నారు. రక్తంలో ఉన్నమాట నిజమే, ఆయన అనుకునే వైపు నుంచి రాలేదంతే. సరేనన్నాను. ఆయన అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "ఇంకోటండీ, ఎయిర్‌పోర్టుకి మన వ్యాను కదిలేటప్పుడు మీరు నీళ్ళచెంబుతో ఎదురు రావాలి. నిండు ముత్తైదువ, పైగా మా లీడరు. ఎదురొచ్చేసి, గబుక్కున వెనక తలుపులోంచి ఎక్కేయండి" అన్నారు. అందరూ నవ్వారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. జావ గ్లాసు గట్టు మీద పెట్టేసి లేచాను. పక్కనున్న పద్మక్క చెయ్యి పట్టుకుంది. "ఏందక్కా, గింతదానికే గట్ల లేస్తున్నవ్? ఆయన ఊకె అన్నడు" అంది. ఊరికే అన్నాడని నాకూ తెలుసు. ఊరికే అన్న మాటలతోనే మా అమ్మ బతుకంతా తెల్లారిపోయిందని పద్మక్కకి తెలియదు.

వెంగళరావు నగర్‌లో మా ఇంటికి ఆటోలో వస్తుంటే దారి పొడుగునా అదే మాట. ఎదురొచ్చేసి వెనక తలుపులోంచి ఎక్కేయండి. ఎంత సులువుగా అనేశాడు మనిషి. అమ్మకి ఈ మాట ఒక్కరన్నా చెప్పారా?

నాన్నగారు మద్రాసు నుంచి సినిమాతో పాటు హైదరాబాదు వచ్చిన మనిషి. కృష్ణానగర్‌లో ఒక సందు చివర మా అద్దె ఇల్లు. సందు నిండా మాలాంటివాళ్ళే. పక్క వాటాలో డ్యాన్సర్లు, పైన మేకప్ మనిషి, ఎదురింటి మెట్ల మీద ఎప్పుడూ ఎవరో ఒకరు అద్దం చేత్తో పట్టుకుని ఏడుపు మొహం అభ్యాసం చేస్తూ ఉండేవారు. నాన్నగారు ప్రొడక్షన్ మేనేజరు. ఒకే ప్రొడ్యూసరు దగ్గర చివరిదాకా పనిచేశారు. ఆ ప్రొడ్యూసరుగారి దగ్గర ఒక డైరెక్టరు ఉండేవాడు. నడిస్తే గానీ ఆయనకి కథ కదిలేది కాదు. నాలుగ్గోడల మధ్య కూర్చోబెడితే సిగరెట్లు అయిపోయేవి గానీ ఒక్క సీను పుట్టేది కాదు. అందుకని కథ అనుకోవడానికి, అదే, సిట్టింగులకి, రచయితల్నీ డైరెక్టర్నీ మున్నారు తీసుకుపోయేవారు. పగలంతా కొండల్లో నడక, నడకలో కథ. హీరోయిన్ తండ్రిని బతికించాలా చంపాలా అన్నది ఏ గడ్డికొండ మీదో తేలేది. ఆ నడకలు ఏర్పాటు చేసే బాధ్యత నాన్నగారిది. పేరుకి ఆయనది.

ఆయనకి కొండంటే ఏమీ తెలియదు. తెనాలి మనిషి, పుట్టి బుద్ధెరిగాక ఎక్కిన ఎత్తు మా డాబా మెట్లే. కొండ తెలిసింది అమ్మకి. అమ్మ పేరు సుగుణ. వాళ్ళ నాన్న పాడేరు వైపు కొండల్లో బడిపంతులు. బడి ఒక కొండ మీద, సంత ఇంకో కొండ కింద. నడవకపోతే ఉప్పూ చింతపండూ కూడా ఇంటికి రాని చోట పెరిగింది. పెళ్ళి చేసి ఆ మనిషిని మద్రాసులో, నేల బల్లపరుపుగా ఉండే ఊళ్ళో పడేశారు. హైదరాబాదు వచ్చాక గానీ అమ్మ మొహం విప్పారలేదని మా పిన్ని చెప్పేది. అప్పట్లో కృష్ణానగర్ దాటి పైకెళ్తే ఇళ్ళు పలచబడిపోయేవి. ఫిల్మ్‌నగర్ దిక్కంతా బండరాళ్ళు, వాటి మధ్య సీతాఫలం తుప్పలు, ఎక్కడో నెమలి అరుపు. నేను బడి నుంచి రాగానే అమ్మ గ్యాసు కట్టేసి, చెప్పులు చేత పట్టుకుని, నన్ను వెంటేసుకుని ఆ రాళ్ళెక్కేది. చీర కుచ్చిళ్ళు పైకి దోపి, ఒట్టి పాదాల్తో బండ మీద పాకుతుంటే ఆవిడ ఇంట్లో చూసే అమ్మలా ఉండేది కాదు. అన్నిటికంటే పెద్ద బండ ఒకటి ఉండేది, నడుం వంగిన ముసలావిడలా. దాని మీద కూర్చుంటే రాయి వేడి ఒంట్లోకి ఎక్కేది. "పాదం మొత్తం ఆనించు, వేళ్ళతో కాదు. దిగేటప్పుడే జాగ్రత్త, ఎక్కేటప్పుడు ఎవరైనా ఎక్కుతారు" అనేది. మాటకి ఆయాసం ఉండేది కాదు.

సిట్టింగులు కుదిరాయంటే మా వంటింట్లో కొలువు మొదలయ్యేది. నాన్నగారు పీట వాల్చుకుని కూర్చునేవారు, అమ్మ కూర తరుగుతూ ఆయన్ని అడిగేది. దారి ఎండవైపా నీడవైపా? వాగు ఎక్కడ దాటాలి? పోయినసారి వర్షం ఏ పూట వచ్చింది? ఎక్కడ కాళ్ళు జారాయి, ఎవరు ముందుగా కూలబడ్డారు? ఆయన గుర్తు తెచ్చుకుంటూ చెప్పేవారు, అమ్మ కత్తిపీట మీద నుంచి కళ్ళెత్తకుండా రోజుకో దారి తేల్చేది. మొదటిరోజు పొట్టి కొండ, ఊపిరి అలవాటు పడడానికి. నిటారు దారి రెండోరోజు కూడా వద్దు. జలగలుండే అడవి దారి వర్షం పడ్డ మర్నాడు అసలు వద్దు, తప్పదంటే ఉప్పు మూట కట్టుకుపోవాలి. మధ్యాహ్నమైతే ఎక్కడుంటే అక్కణ్ణుంచి వెనక్కి తిరగాల్సిందే, శిఖరం చెయ్యి చాస్తే అందేటట్టున్నా సరే. ఎక్కేముందు పులిహోర పెట్టొద్దు, అటుకులూ బెల్లమూ పెట్టండి, పులిహోర దిగాక. "ఇంకోమాట. ప్రొడ్యూసరుగారిని అందరికంటే ముందు నడిపించండి" అని ఒకసారి అంది. "ఎందుకోయ్?" అన్నారు నాన్నగారు. "ఆ పొట్టతో ఆయన వెనకబడితే అందరూ ఆగాలి. ముందుంటే అందరూ ఆయన అడుగులో అడుగేస్తారు. ఆయనకి మర్యాదగానూ ఉంటుంది, మిగతావాళ్ళకి ఆయాసమూ ఉండదు." నాన్నగారు ఆ పూటంతా తల్చుకుని నవ్వారు. వెళ్ళొచ్చాక, ముందు నడిపించినందుకు ప్రొడ్యూసరుగారు ఆయన్ని ఎంతో మెచ్చుకున్నారని చెప్పారు. ఆ ఆలోచన ఎవరిదో మాత్రం అక్కడ చెప్పినట్టు లేదు.

బయల్దేరే రోజు ఇల్లంతా ఇంగువ పోపు వాసన, కర్పూరం వాసన, సందులో ఆగిన వ్యాను డీజిలు వాసన. సికింద్రాబాదు స్టేషను దాకా వ్యాను, అక్కణ్ణుంచి రైలు. మొదటిసారి ఏం జరిగిందంటే, సందులో నీళ్ళు రాక అమ్మ వీధి చివర బోరింగు దగ్గరికి వెళ్ళి ఇత్తడి బిందెతో వస్తోంది. అప్పుడే వ్యాను కదిలింది. నిండుబిందెతో పసుపు మొహం ముత్తైదువ ఎదురుపడేసరికి ప్రొడ్యూసరుగారు వ్యానులోంచే రెండు చేతులూ జోడించారట. ఆ సిట్టింగుల్లో పుట్టిన సినిమా విరగబడి ఆడింది. శతదినోత్సవం చేశారు. డైరెక్టరు తన వల్లన్నాడు, హీరో అభిమానుల వల్లన్నాడు, ప్రొడ్యూసరుగారు మాత్రం సుగుణమ్మగారి బిందె వల్లన్నారు. సినిమావాళ్ళకి ఇదొక జబ్బు. సినిమా ఎందుకాడిందో వాళ్ళకి నిజంగా తెలియదు, తెలియదని ఒప్పుకునే ధైర్యం లేదు, అందుకని చొక్కా రంగుకో, కొబ్బరికాయ పగిలిన తీరుకో ముడిపెట్టి దాన్ని పట్టుకు వేలాడతారు. దానికి సెంటిమెంటని ముద్దుపేరు. మా అమ్మ ఒక సెంటిమెంటైపోయింది. బిందె బరువని ఆ తర్వాత ఇత్తడి చెంబు చాలన్నారు. ఆ చెంబు మాదే. ప్రొడ్యూసరుగారు తీసుకెళ్ళి తన పూజగదిలో పెట్టుకున్నారు, ప్రయాణం ఉన్నప్పుడు మాత్రం డ్రైవరు యాదగిరి తెచ్చిచ్చేవాడు.

ఎదురు రావడంతో అయిపోతే ఇంత చెప్పను. ఎదురొచ్చిన మనిషి, వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేదాకా గడప దాటకుండా ఇంట్లో దీపం పెట్టాలని ఇంకొక నియమం పుట్టింది. ఎవరు పుట్టించారో తెలియదు. అమ్మ ఒకరోజు కూర తరుగుతూనే అడిగింది. "ఏమండీ, ఈసారి నేనూ వస్తానండీ. వంటకి మనిషి కావాలి కదా. ఒక్కరోజు ఆ పార్కులో పైదాకా నడిచి వస్తాను, మిగతా రోజులు కిందే ఉంటాను. అమ్మాయిని మా చెల్లెలు చూసుకుంటుంది." నాన్నగారు నవ్వేశారు. "పెళ్ళికెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, సిట్టింగులకి పెళ్ళాన్ని తీసుకెళ్తారా ఎవరైనా?" అన్నారు. "పోనీ ఎదురొచ్చేసి ఆటోలో స్టేషనుకొస్తాను" అంది. "ఎదురొచ్చిన శకునమే వెంటపడి వస్తే ఇంటి దగ్గర దీపమెవరు పెడతారే? మా ప్రొడ్యూసరు పెద్దాయన ఒప్పుకోడు." అడిగి చూడమంది. అడిగారో లేదో నాకు తెలియదు. వచ్చి మాత్రం, "చెల్లెమ్మ చల్లగా ఇంట్లో ఉంటేనే మేము చల్లగా ఉంటామన్నారు" అని చెప్పారు. మళ్ళీసారి చూద్దాంలే అన్నారు. ఆ మళ్ళీసారి నేను పెరిగినన్నాళ్ళూ సాగింది. గౌనుల్లో ఉన్నప్పుడు విన్నాను, పరికిణీల్లో విన్నాను, ఓణీ వేసుకుని కాలేజీకి వెళ్తూ కూడా విన్నాను. మన ఖర్చుతో మనం వెళ్దామంటే, ప్రొడక్షన్ తీసుకెళ్ళే చోటికి సొంతంగా పోవడం పిచ్చిపనన్నారు.

వ్యాను వెళ్ళాక అమ్మ సందు మొదట్లో కాసేపు నిలబడేది. చెంబులో నీళ్ళు తులసికోటలో పోసి, లోపలికొచ్చి దీపం పెట్టుకుని, నాతో ఏమీ జరగనట్టే మాట్లాడేది. మధ్యాహ్నమయ్యేసరికి నోరు ఆగేది కాదు. "ఇప్పటికి రైలు కృష్ణ దాటుంటుంది." మూడోనాడు, "ఇవాళ పొట్టి కొండ. ఆ రెండో మలుపు దగ్గర గాలి కొడుతుంది, మీ నాన్న మఫ్లరు మర్చిపోయే ఉంటారు." ఆ పార్కు కొండని అమ్మ అంతగా ఎరుగును. గడ్డి ఎంత ఎత్తుంటుందో, కొండమేకలు మనిషిని చూసి బెదరకుండా ఎలా నిలబడతాయో, మబ్బు ఎటునుంచి దిగుతుందో, అన్నీ. చూడందల్లా కొండనే. నాన్నగారు తిరిగొచ్చి బూట్లు విప్పుతుంటే ఆ బూట్లకంటిన మట్టిని వేలితో తీసి చూసేది. నాకప్పుడు నవ్వొచ్చేది. ఇప్పుడు నాన్నగారి మీద ఇంత కోపం వస్తుంది, ఆయన లేకపోయినా వస్తుంది. చెడ్డమనిషి కాదు. అమ్మని తిట్టలేదు, కొట్టలేదు. ఆవిడ బుర్రతో తెచ్చుకున్న మంచిపేరు వేసుకు తిరిగారు, ఆవిడ అడిగిన ఒక్కరోజు ఇవ్వడానికి పెద్దాయన దగ్గర నోరు పెగల్లేదు. ఎంతోమంది మంచివాళ్ళు ఇంతే, ఆ మంచితనం ఏం చేసుకోను?

ఈలోగా ఫిల్మ్‌నగర్‌లో రాళ్ళు పేల్చడం మొదలైంది. రోజూ సాయంత్రం ఎర్రజెండా పట్టుకుని ఒకతను అరిచేవాడు, తర్వాత ఢామ్మని శబ్దం, మా ఇంటి గిన్నెలు గలగలలాడేవి. అమ్మ కూర్చునే పెద్దబండ పోయిన రోజు మేమక్కడే ఉన్నాం. చెదిరిపోయిన ముక్కల్ని లారీకెత్తుతుంటే అమ్మ చూస్తూ నిలబడింది. ఎవరిల్లని అడిగితే మేస్త్రీ మా ప్రొడ్యూసరుగారి పేరు చెప్పాడు. గృహప్రవేశానికి పిలిచారు. కొత్త బంగళా గుమ్మంలోకి ఆయన కారు వస్తుంటే ఎవరెదురు రావాలి? వచ్చింది అమ్మే, చెంబు పట్టుకుని, తన బండ ఉన్నచోట.

నాన్నగారు ఔట్‌డోర్‌లోనే పోయారు. మున్నారు కాదు, రాజమండ్రి దగ్గర ఏదో లంకలో, షూటింగు మధ్యలో గుండెపోటు. నేను డిగ్రీ అయిపోయి పత్రికలో చేరిన కొత్త. ప్రొడ్యూసరుగారు వచ్చారు, కళ్ళు తుడుచుకున్నారు, "చెల్లెమ్మా, ఏ కష్టమొచ్చినా నేనున్నాను" అన్నారు. వెళ్తూ వెళ్తూ మాత్రం మా పెరటి గుమ్మంలోంచి వెళ్ళారు. ఎందుకో నాకర్థం కాలేదు. ఎదురుగదిలో, వీధి గుమ్మం పక్కన, అమ్మ కూర్చుని ఉందని తర్వాత తోచింది. ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, ఓడ దిగాక బోడిమల్లయ్య అన్నది వాళ్ళని చూసే పుట్టుంటుంది.

సంవత్సరీకం అయ్యాక కొత్త మేనేజరు మా ఇంటికొచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు. "అమ్మగారూ, మళ్ళీ మున్నారు సిట్టింగులండీ. పాత నడకలే కావాలంటున్నారు డైరెక్టరుగారు. మేనేజరుగారు ఏ రోజు ఎటు తీసుకెళ్ళేవారో మీకేమన్నా తెలుసేమోనని" అన్నాడు. అమ్మ అతన్ని పీట మీద కూర్చోబెట్టింది. వంటిల్లు మళ్ళీ కొలువైంది. ఏ దారి ముందో, ఏది వెనకో, ఏ వాగు ఏ నెలలో దాటకూడదో, ఒక్కొక్కటీ చెప్పి, అతను బుర్రకెక్కించుకున్నాడో లేదో మళ్ళీ అడిగి మరీ చెప్పింది. అంతా అయ్యాక, "బాబూ, నేనూ వస్తాను. వంట చూస్తాను. ఇప్పుడు నేను ఎదురు రానక్కర్లేదుగా, వ్యానులోనే కూర్చుంటాను" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూశాను. బాధ లేదు. ఏదో జైలు శిక్ష పూర్తయిన మనిషిలా లెక్క చెప్పింది. అతను కాస్త తడబడి, "దానికేముందమ్మా, రండి" అన్నాడు.

అమ్మ నాన్నగారి బూట్లలో గుడ్డలు కుక్కి తన పాదానికి సరిపోయేలా చేసుకుంది. రెండు చీరలు, ఒక శాలువా, ఉప్పుమూట. తెల్లవారుతూనే ఇద్దరం ఫిల్మ్‌నగర్ బంగళాకి వెళ్ళాం. వ్యాను గేటుకి మొహం పెట్టి నిలబడి ఉంది, రచయితలు కూర్చున్నారు. అమ్మ వెనక సీటులో తన సంచి పెట్టింది. యాదగిరి సంచి జరిపి చోటు చేశాడు, "జర పైలం అమ్మా, మెట్టు ఎత్తుంటది" అన్నాడు. అప్పుడు ప్రొడ్యూసరుగారు మెట్లు దిగి వచ్చారు. మమ్మల్ని చూసి ఆగిపోయారు. కొత్త మేనేజర్ని పక్కకి పిలిచారు. అతను తలొంచుకుని మా దగ్గరికొచ్చి, "అమ్మగారూ, ఒక్క పదినిమిషాలు లోపల కూర్చుంటారా, కాఫీ తాగి" అన్నాడు. అమ్మకి అర్థం కాలేదు. నాకైంది.

"రైలు టయానికి వెళ్ళాలిగా బాబూ, కాఫీలెందుకు?" అంది. ఇక ప్రొడ్యూసరుగారే మాట్లాడారు. ఆయన గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. "చెల్లెమ్మా, నీ మీద నాకెంత గౌరవమో నీకు తెలుసు. ఇదంతా నీ చేతి చలవే. కానీ మంచి పనికి బయల్దేరుతున్నాం. నువ్వు మరోలా అనుకోకు."

"వ్యానులో కూర్చున్నదాన్ని, ఎదురెలా వస్తానండీ?" అంది అమ్మ. వాదించడానికి కాదు. నిజంగా అడిగింది. ఇన్నేళ్ళూ వాళ్ళు పెట్టిన నియమాన్ని అక్షరాలా పాటించిన మనిషి, ఆ నియమంలో ఇది తప్పెలా అవుతుందో తెలుసుకుందామని అడిగింది. వ్యానులో ఉన్న రచయితలు కిటికీల్లోంచి ఆకాశం చూస్తున్నారు. యాదగిరి ఒక్కడే, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, "అమ్మ అడిగింది సక్కగనే ఉంది సార్. ఆమె ఎక్కితే బండికేమైతది? నడిపేది నేను గదా" అన్నాడు. ప్రొడ్యూసరుగారు వాడివైపు చూశారు, వాడు ఇంజను ఆన్ చేసి ఊరుకున్నాడు. వాడికీ పిల్లలున్నారు. మమ్మల్ని వంటింటి వెనక గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరకి వేశారు. కాఫీ వచ్చింది. నేను ముట్టుకోలేదు. తలుపు సందులోంచి చూస్తే కొత్త మేనేజరు పెళ్ళాం, పాపం కొత్త కాపురం పిల్ల, అడుగు చూసుకుంటూ మా చెంబు పట్టుకుని వ్యానుకి ఎదురు నడుస్తోంది. నేను తలుపు తన్ని బయటికి వెళ్ళబోయాను. అమ్మ నా పమిట పట్టుకుని ఆపింది. "ఆ పిల్ల బెదిరిపోతుందే" అంది. వ్యాను వెళ్ళాక తలుపు తీశారు. అమ్మ సంచి గేటు పక్కన నేల మీద పెట్టి ఉంది. దారిలో అమ్మ ఒకే ఒక మాటంది, "కాఫీ బాగుంది, నువ్వు తాగాల్సింది" అని. నాకు ఏడుపొచ్చింది. నడిరోడ్డు మీద, ఆవిడ మీదే అరిచాను.

ఆ సిట్టింగుల సినిమా ఆడలేదు. సంతోషించాను, దాచుకోను. ఆ సంతోషం కూడా నాకు మిగల్చలేదు వాళ్ళు. బయల్దేరే ఉదయం గేటులో ఆవిడ కనపడింది, అందుకే పోయిందని ప్రొడక్షన్ ఆఫీసులో అనుకున్నారట. యాదగిరి చెప్పాడు. ఆడితే బిందె, పోతే మొహం. మనిషి ఒకతే, అదే పసుపు రాసుకున్న మొహం, పసుపు కడిగేసిన మొహం. మధ్యలో ఆవిడ చేసిందేమిటి? నాన్నగారికి పోపులు పెట్టింది, ఆయన పోతే ఏడ్చింది. ఈ సంగతి అమ్మకి చెప్పొద్దన్నాను యాదగిరితో. మరెవరో చెప్పారు. అమ్మ ఆ రోజు నుంచి సందులో ఎవరైనా ప్రయాణమై సామాన్లతో దిగితే, ముగ్గేస్తున్నది ముగ్గేస్తున్నట్టే వదిలేసి లోపలికి వచ్చేసేది.

ఇప్పుడు కాలం మారిందంటారు. మారింది, కాదనను. ఆడవాళ్ళు పది మంది కలిసి హిమాలయాలకి పోతున్నారు. మా బృందంలో భర్త పోయిన ఇద్దరున్నారు, వాళ్ళ టిక్కెట్లు అందరికంటే ముందు తీసుకున్నారు మూర్తిగారు, వ్యానులో కిటికీ సీట్లు కూడా వాళ్ళకేనట. బూట్లకి ఒక కొట్టు, కర్రకి ఒక కొట్టు, వానకోటుకి ఇంకొకటి. ఫోనులో వేలు పెడితే కొండ ఎత్తూ, దారీ, ఎండా, వానా అన్నీ కనపడతాయి. అమ్మ కూర తరుగుతూ అడిగి అడిగి రాబట్టిందంతా బొమ్మగా వచ్చేస్తుంది. అన్నీ ఉన్నాయి. అయినా వ్యాను కదిలేటప్పుడు చెంబు పట్టుకుని ఎవరెదురు రావాలో మాట వచ్చినప్పుడు, మూర్తిగారి కళ్ళు ఆ ఇద్దర్నీ దాటి నా మెడలో మంగళసూత్రం గొలుసు మీద ఆగాయి. చెడ్డమనిషి కాదు. మా నాన్నగారిలాంటివాడే. ఆ ఇద్దరూ కూడా అందరితోపాటు నవ్వారు. ఆ నవ్వే నేను అక్కణ్ణుంచి లేచిపోయేట్టు చేసింది. ఆ నవ్వు ఎంత సాధన మీద వస్తుందో నేను మా ఇంట్లో చూశాను.

అమ్మని మున్నారు తీసుకెళ్ళాను. నా పెళ్ళయ్యాక, నా జీతంతో, సెలవు పెట్టుకుని, మా ఆయన్ని ఇంట్లో ఉంచి ఇద్దరమే. అప్పటికి అమ్మ మోకాళ్ళు పోయాయి. వద్దులేవే అంటూనే రైలెక్కింది. పార్కు బస్సు సగం కొండ దాకా తీసుకెళ్ళి దింపింది, అక్కణ్ణుంచి నడకదారి. మబ్బు లేదు. గడ్డికొండ ఎదురుగా నిలబడి ఉంది. అమ్మ గట్టు మట్టి వేలితో తీసి చూసింది. తర్వాత, "మీ నాన్న చెప్పినదానికంటే పచ్చగా ఉందే" అంది. నేను బూట్ల తాళ్ళు బిగించుకుంటుంటే తను నెమ్మదిగా దారి వెంట కొంచెం ముందుకెళ్ళింది. ఆ కాస్త ఎక్కేసరికే మోకాళ్ళు మొరాయించాయి. నేను లేచి నడక మొదలుపెట్టాను. అమ్మ అప్పుడే వెనక్కి తిరిగి, కర్ర ఊతంతో నాకెదురుగా దిగి వస్తోంది. నవ్వుతోంది కూడా. "నా వల్ల కాదే, నువ్వెళ్ళిరా. రెండో మలుపులో చెవులు కప్పుకో" అని ఏదో చెబుతూ, నేను ఎదురుగా ఎక్కి రావడం చూసి, చటుక్కున ఆగింది. నవ్వు పోయింది. గబగబా దారి దిగి, గడ్డిలోకి వెళ్ళి, కొండకీ నాకూ వీపు పెట్టి, ఒక తుప్పకి మొహం చేసి నిలబడింది.

"ఏంటమ్మా అది?" అన్నాను.

"ఏం లేదు, నువ్వు నడు. కొండ మీదకి పోతున్నావు, నేనెదురెందుకు?"

రమ్మన్నాను. ఎదురు రమ్మన్నాను. తిట్టాను, బతిమాలాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. నేను వెళ్తే తప్ప ఆవిడ ఇటు తిరగదని అర్థమయ్యాక నడిచాను. మలుపు దగ్గర ఆగి చూశాను. అమ్మ ఇంకా తుప్పకే మొహం పెట్టి నిలబడి ఉంది.